భీమవరం క్లినిక్‌లో కుక్క ఆపరేషన్ అడ్వాన్సు వెనక్కి రాలేదా?
ఆపరేషన్ వద్దనుకుని మూడు వారాలైనా, మీ బావగారు ఫోన్‌పేలో కట్టిన 8,000 రూపాయల అడ్వాన్సు రాలేదని అడిగారు. బహుశా క్లినిక్ వాళ్లు ఫైనల్ బిల్లు వేసి ఉండరు. అడ్వాన్సు ఫీజు కాదు, మీ పేరున ఉన్న జమ. రక్తపరీక్ష, స్కానింగ్, మందులు పోను ఎంత మిగిలిందో బిల్లు వేస్తేనే తేలుతుంది.

1. ఫోన్లో "డబ్బులెప్పుడు" అని అడిగితే "రేపు" అంటారు. రసీదు పట్టుకెళ్లి, ఏ పనికి ఎంతో విడివిడిగా రాసిన బిల్లు అడగండి. అందరూ వదిలేసేది ఇదే. అందులో చేయని ఆపరేషన్‌కు మత్తు ఛార్జీ ఉంటే కొట్టేయించండి.

2. ఫోన్‌పేలో కట్టింది మీ బావగారన్నారు కదా. రీఫండ్ ఆయన ఖాతాకే వెళ్లి ఉండొచ్చు, ముందు అది చూడండి. (మేం వారం గొడవపడ్డాక మా తమ్ముడి ఖాతాలో కనబడింది!)

3. అసలు బిల్లే ఇవ్వం అని వాళ్లంటే 1915కి ఫోన్ చేయండి, అది వినియోగదారుల హెల్ప్‌లైన్.