ప్రొజెక్టర్ బొమ్మలో నలుపు వెలిసినట్టుంటే

ప్రశ్న: మేడమీద గదిలో ప్రొజెక్టర్ పెట్టుకున్నాము. రాత్రి సన్నివేశాల్లో నలుపు బూడిదరంగుగా, ముఖాలు ఆకుపచ్చ ఛాయతో కనిపిస్తున్నాయి. ఏం సరిచేయాలి?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: ముందు డైనమిక్ మోడ్ వదిలి సినిమా మోడ్‌కు మారండి, చాలా ప్రొజెక్టర్లలో డైనమిక్ మోడ్ వెలుతురు కోసం ఆకుపచ్చను పెంచుతుంది. కలర్ టెంపరేచర్, అంటే తెలుపు పసుపు వైపో నీలం వైపో ఎంత మొగ్గాలో తేల్చే సెట్టింగ్, 6500 కెల్విన్ దగ్గర ఉంచండి. బ్రైట్‌నెస్ పేరుకు వెలుతురే గానీ, నిజానికి నలుపు స్థాయిని నిర్ణయించేది అదే: చీకటి సన్నివేశాన్ని ఆపి, నల్లకోటు మడతలు మాయమయ్యేదాకా తగ్గించి, అవి లీలగా తేలేంతవరకే తిరిగి పెంచండి. కాంట్రాస్ట్‌ను తెల్లపంచె మడతలు చెదిరిపోని మేరకు ఉంచితే చాలు. అయితే గోడలు తెల్లసున్నంవైతే బొమ్మ వెలుగే వాటిమీద పడి మళ్లీ తెరమీదకు వస్తుంది కనుక, పక్కగోడలకు ముదురురంగు గుడ్డ కట్టనిదే ఏ సెట్టింగూ మీరు కోరే నలుపునివ్వదు. మన ఎండలకు పగలు కిటికీ సందుల్లోంచి వెలుతురు దూరుతూనే ఉంటుంది. ఈ సర్దుబాటంతా రాత్రిపూటే చేయండి.