దూడ పుట్టాక మాయ పడేదాకా ఆగకండి

ముర్రా గేదెలు రెండున్నాయి, వరుసగా రెండు ఈతల్లో దూడలు నెల తిరక్కుండానే తెల్లగా పారుకుని చనిపోయాయి, పాలు బాగానే వదులుతున్నాం కదా, ఎక్కడ తప్పు జరుగుతోంది అని మీరు రాసి అడిగారు. చదవగానే మనసు కలుక్కుమంది. మాది ప్రకాశం జిల్లా, మూడు గేదెలు. నేను కాపురానికొచ్చిన కొత్తలో మా కొట్టంలోనూ అచ్చం ఇలాగే రెండు దూడలు పోయాయి.

ముందు ఒక్కటి గుర్తు చేసుకోండి. దూడ పుట్టిన ఎన్ని గంటలకు జున్నుపాలు తాగింది? మా ఇంట్లో మాయ (ఈనాక గేదె గర్భంలోంచి జారే మావి) పడేదాకా దూడని పొదుగు దగ్గరికి రానిచ్చేవారు కాదు. తాగితే మాయ లోపలే ఉండిపోతుందని మా అత్తగారి భయం. ఒకసారి రాత్రి ఈనిన గేదెకి తెల్లారినా మాయ పడలేదు. పశువుల డాక్టరుగారు వచ్చి గేదెని చూసే ముందు దూడ నోట్లో వేలు పెట్టారు. "నోరు చల్లబడిపోయింది, చూడమ్మా" అన్నారు. నేనూ వేలు పెట్టాను. నాలుక చల్లగా తగిలింది, వేలిని చీకే ఓపిక కూడా లేదు. ఆ దూడ పన్నెండో రోజున పోయింది.

అసలు జరిగేది మా అత్తగారి భయానికి పూర్తిగా వ్యతిరేకం. దూడ చీకుతుంటేనే గర్భసంచి ముడుచుకుని మాయ త్వరగా జారుతుంది. పుట్టిన దూడకి రోగాన్ని తట్టుకునే శక్తి తనంతట తనకుండదు, అది జున్నుపాలతోనే రావాలి. దాన్ని దూడ పేగులు పీల్చుకోగలిగేది మొదటి 24 గంటలే, అందులోనూ మొదటి ఆరు గంటల్లో పట్టేదే ఎక్కువ. ఆ తర్వాత ఎంత తాగినా కడుపు నిండుతుంది గానీ ఆ రక్షణ రాదు. 30 కిలోల దూడకి రోజుకి మూడు లీటర్లు, మూడు నాలుగు విడతలుగా తాగించాలి. మొదటి విడత గంటలోపే పడాలి. ఇరుగుపొరుగుకి జున్ను పంచుకోవడం మనకి సంతోషమే, కానీ దూడ తాగగా మిగిలినవే పిండుకోండి.

తర్వాతి ఈతకి నేను పట్టుబట్టాను. గోనెపట్టాతో దూడ ఒళ్లంతా తుడిచి, బొడ్డుకి టింక్చర్ అయోడిన్ రాసి, అరగంటలోపే చన్ను నోటికందించాను. మాయ మామూలుగానే పడింది. ఇప్పుడు మా అత్తగారే అందరికంటే ముందు దూడని తల్లి దగ్గరికి తోస్తారు.

ఇక తెల్లగా పారడం గురించి. బంకమన్ను రంగులో, భరించలేని వాసనతో పారుతూ, పొట్ట ముందుకొచ్చి, వెంట్రుకలు గరుగ్గా లేచి ఉంటే ఎక్కువగా ఏలికపాములే కారణం. గేదె దూడలకి ఇవి తల్లిపాలలోంచే వస్తాయి, అందుకే పాక ఎంత శుభ్రంగా ఉన్నా ఆగవు. మా పెయ్యకి పదో రోజున పైపరజిన్ పట్టిస్తే, మర్నాడు పేడలో వానపాముల్లాంటివి ఉండచుట్టుకుని పడ్డాయి. ఆ చిన్న కడుపులో అన్ని ఎలా పట్టాయో అనిపించింది. పదో రోజుకి మొదటి మందు, ఆపైన ఆరు నెలల దాకా నెలకోసారి వేయించండి. మోతాదు మాత్రం బరువుని బట్టి డాక్టరు చెప్పాలి.

ప్రతి పారుడూ పురుగుల వల్లే రాదు. జ్వరమున్నా, రక్తం పడినా, కళ్లు లోపలికి పోయినా పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేయండి, ఆలస్యం చేయొద్దు. డాక్టరు వచ్చేలోగా ఓఆర్ఎస్ నీళ్లు కొంచెం కొంచెంగా తాగించండి. పాలు మాన్పించకండి, పాలకీ ఈ నీళ్లకీ మధ్య రెండు గంటల ఎడం ఉంచండి. నీళ్లయినా మందయినా తల పైకెత్తి పట్టుకుని గొట్టంతో గొంతులో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే దూడ దక్కదు.

"పాలు బాగానే వదులుతున్నాం" అన్నారు. మేమూ ఒక చన్ను దూడకే అనుకునేవాళ్లం. ఒకరోజు ఆ చన్ను విడిగా పిండి కొలిస్తే లీటరు కూడా లేదు! మీరూ ఓసారి కొలిచి చూడండి. మొదటి నెల దూడ బరువులో పదో వంతు పాలు కావాలి, రెండో నెల పదిహేనో వంతు, మూడో నెల ఇరవయ్యో వంతు. పాలు అమ్ముకునే ఇంట్లో ఇది కష్టమే, నాకు తెలుసు. కానీ దూడ పోయిన గేదె సరిగా చేపదు, పొదుగులోకి పాలు దించదు, అప్పుడు పోయే పాలే ఎక్కువ.

రెండో వారం నుంచి గుప్పెడు దాణా అలవాటు చేయండి. మేము మొక్కజొన్న రవ్వ, వేరుశనగ చెక్క, తవుడు కలిపి కాస్త ఉప్పు, మినరల్ మిక్చర్ వేస్తాం. పక్కన లేత దశరథ గడ్డి కట్ట వేలాడదీస్తే ఆడుకుంటూ కొరుకుతాయి. యూరియా కలిసిన పెద్ద గేదెల దాణా మాత్రం ఆరు నెలలలోపు దూడకి పెట్టకండి. మన్ను నాకుతుంటే మూతికి చిక్కం కట్టి ఊరుకోకుండా పురుగుల మందు, మినరల్ మిక్చర్ సరిగా అందుతున్నాయో లేదో చూసుకోండి.

మీ గేదెలు ఇప్పుడు చూడితో ఉన్నాయా, ఎన్నో నెల? ఈనడానికి రెండు నెలల ముందే పాలు తీయడం ఆపేయండి, జున్నుపాలు చిక్కగా దిగుతాయి. నెల రాస్తే ఎప్పటి నుంచి ఏం పెట్టాలో మా లెక్క ప్రకారం చెబుతాను.