తొట్టి నిండిందని ఎక్కడా రాయలేదు

ప్రశ్న ఇది: "ప్రైవేటు ఉద్యోగం. ఎప్పుడు తీసేస్తారోనన్న భయంతో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. బైబిలు కథలు చదివితే రోజువారీ బతుకులో దేవుని మీద నమ్మకం కలుగుతుందా? అనుభవం ఉన్నవారు చెప్పండి."

అనుభవం ఉన్నవారు అన్నారు కాబట్టి రాస్తున్నాను. మాది ప్రకాశం జిల్లాలో టంగుటూరు దగ్గర పల్లె. పొగాకు రైతులం, సగం పొలం కౌలుదే. ఉద్యోగం పోతుందేమోనని మీ భయం. మా ఉద్యోగం ఏటా నారు మడి దగ్గర మళ్లీ మొదటికి వస్తుంది. అందుకని నమ్మకం గురించి మాట్లాడే అర్హత పాస్టర్ల కంటే రైతులకే ఎక్కువని నా గట్టి అభిప్రాయం. ఎవరైనా కాదంటే ఒక్క ఏడాది కౌలు చేసి వచ్చి చెప్పమనండి.

ఉత్తినే చదివితే నమ్మకం రాదు. నేను పెళ్లికి ముందే ఆదికాండం నుంచి ప్రకటన దాకా చదివాను, సండే స్కూలు పోటీల్లో బహుమతులు కూడా వచ్చాయి. మా అత్తమ్మకు అక్షరం రాదు. కానీ బ్యారన్ (పొగాకు ఆకును కాల్చి ఆరబెట్టే గది) దగ్గర కూర్చుని కర్రలకు ఆకు కడుతూ ఆమె చెప్పే కథలు వింటుంటే, బైబిల్లోని ప్రవక్త ఏలీయా మన పక్క ఊరి మనిషేమో అనిపిస్తుంది. కష్టం వచ్చిన పూట ఆ కథను తీసుకొచ్చి మన ముందు పెట్టే మనిషి ఇంట్లో ఒకరుండాలి.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అప్పటికి మా తోట నాటి ఎన్నో వారాలు కాలేదు. నల్లరేగడి, నీళ్లు బయటికి పోయే దారి లేదు. వాన ఆగిన రోజు మొక్కలు పచ్చగానే ఉన్నాయి, బతికిపోయాం అనుకున్నాం. ఎండ కాయగానే ఉడికించిన తోటకూరలా వాలిపోయాయి. ఒక మొక్క పీకి చూస్తే వేరు నల్లబడి, వేళ్లతో పట్టుకోగానే పైతోలు జారి చేతికి వచ్చింది. తోట ఉరకెత్తిపోయిందని, అంటే నీళ్లు నిలిచి వేరు కుళ్లిపోయిందని అర్థమైంది. నారుకు, దుక్కికి, ఎరువుకు, కూలీలకు పెట్టిన డబ్బంతా ఆ బురదలోనే ఉంది. మళ్లీ నాటాలంటే నారు కావాలి. చుట్టుపక్కల అందరి తోటలూ పోయాయి కాబట్టి నారు ఉన్నవాడు చెప్పిందే ధర.

ఆ రాత్రి మా ఆయన అన్నం ముందు కూర్చుని కలిపి, తినకుండా లేచాడు. ఈ ఏడు వదిలేద్దాం, హైదరాబాదు పోయి ఏదో ఒక పని చూసుకుంటాను అన్నాడు. మా అత్తమ్మ వెంటనే ప్రార్థన మొదలుపెడుతుందనుకున్నాను. ఆమె పొయ్యిలో నిప్పు ఎగదోస్తూ, "ఒరే నాయనా, సారెపతు ఊళ్లో ఆ విధవరాలు ఆ పూట ఏం చేసింది?" అని అడిగింది.

కథ మీకు తెలిసే ఉంటుంది, మొదటి రాజులు 17వ అధ్యాయం. దేశమంతా కరవు. ఆమె ఇంట్లో తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెం నూనె. నేనూ నా బిడ్డా తిని చచ్చిపోతాం అని పుల్లలు ఏరుకుంటోంది. అప్పుడు ఏలీయా వచ్చి, ముందు నాకొక చిన్న అప్పం చేసి తీసుకురా, ఆ తరువాత మీకు చేసుకో అంటాడు. మా ఆయన విసుగ్గా, "ఏముంది, చేసి పెట్టింది, తొట్టి నిండింది" అన్నాడు.

"తొట్టి నిండిందని ఎక్కడుందిరా? పిండి తక్కువ కాలేదు అని మాత్రమే ఉంది. పొద్దున చూస్తే పట్టెడు. మళ్లీ పొద్దున చూస్తే పట్టెడు. ఆ తల్లి ఒక్కరోజు కూడా బస్తా పిండిని కళ్లతో చూసి ఉండదు."

నేను లేచి బైబిలు తీసి చూశాను. ఆమె చెప్పింది నిజమే. అన్నేళ్లు చదివిన నాకు ఆ తొట్టి నిండుగా ఉన్నట్టే మనసులో ఉండిపోయింది. సండే స్కూలు పుస్తకాల్లో బొమ్మ కూడా అలాగే వేస్తారు, పిండి పైకి పొంగుతున్నట్టు.

తెల్లవారి సగం పొలంలో శనగ వేద్దామని, సగంలో మళ్లీ పొగాకు నాటుదామని నిర్ణయించుకున్నాం. నా గాజులు బ్యాంకుకు వెళ్లాయి. మా ఆయనకు అప్పటికప్పుడు కొండంత విశ్వాసం కలిగిందని చెప్పను. ఆ రోజుకు నారు తేగలిగేంత కలిగింది, అంతే.

ఇక్కడ మన సంఘాల మీద ఒక మాట చెప్పాలి. డిసెంబరు 31 రాత్రి ఆరాధన కాగానే వాగ్దాన కార్డులు తీయిస్తారు, కొత్త ఏడాదికి దేవుడి మాట అని ఒక్కో బైబిలు వాక్యం రాసి ఉంటుంది. అన్నీ తలగా ఉంటావు, తోకగా ఉండవు, రెండంతలు పొందుతావు లాంటివే. "తొట్టిలో పట్టెడు పిండి" అని రాసిన కార్డు ఇంతవరకు ఎవరి చేతికీ వచ్చినట్టు నేను వినలేదు. దేవుడు తమకు చేసిన మేలు చెబుతూ చర్చిలో సాక్ష్యాలు చెప్పేవారూ అంతే, లాభం వచ్చిన ఏడాదే మైకు పట్టుకుంటారు. మా సంగతే చూడండి. 2024లో పొగాకు ధర బాగా పలికింది, నాటిన సగమే గట్టెక్కించింది. చర్చిలో సాక్ష్యం చెప్పమని మమ్మల్ని పిలిచారు. 2025లో ధరలు పడిపోయాయి. వేలంలో లో గ్రేడు (నాసిరకం) పొగాకు బేళ్ల దగ్గర బయ్యర్లు ఆగనైనా ఆగకుండా పోయారు, వాటికి నో బిడ్ (ఎవరూ పాడలేదు) అని రాసి పక్కన పెట్టేశారు. ఆ బేళ్లను తిరిగి ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చిన వారం మమ్మల్ని ఎవరూ సాక్ష్యానికి పిలవలేదు. పిలిచి ఉంటే చెప్పేదాన్ని, ఆ వారం కూడా మా ఇంట్లో పొయ్యి వెలిగిందని.

ఇంకో విడ్డూరం. సిగరెట్టు పాపం అని ప్రసంగం చేస్తారు. కోత పండుగకు బల్ల మీద వరి కంకులు, గుమ్మడికాయలు, అరటి గెలలు పెడతారు, పొగాకు ఆకు మాత్రం పెట్టనివ్వరు. సంపాదనలో పదో వంతు చర్చికి ఇచ్చే దశమభాగం కవరులో వచ్చే డబ్బు ఏ తోటదో మా పల్లెలో అందరికీ తెలుసు. దీని మీద వేరే ప్రశ్న ఎవరైనా అడిగితే తీరిగ్గా రాస్తాను.

ఈ పట్టెడు పిండి లెక్క మా ప్రాంతానికి కొత్తదేమీ కాదు. 1876-78 కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చాడు. ఏ రోజుకారోజు మట్టి మోసి, కూలి తీసుకుని, గింజలు కొనుక్కున్న బతుకులవి. పని మధ్యలో కూర్చున్నప్పుడు బోధకులు వాక్యం చెప్పేవారట. కూటి కోసం మతం మారారని ఇప్పటికీ కొందరు మా మొహం మీదే అంటారు. కరవు పని నడిచినంత కాలం క్లౌ దొర బాప్తిస్మాలు ఇవ్వకుండా ఆపేశాడన్న సంగతి వాళ్లకు తెలియదు. పని అయిపోయాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఒంగోలు చుట్టుపక్కల ఏ బాప్టిస్టు ఇంటిని కదిలించినా మా ముత్తాత ఆ 2,222 మందిలో ఉన్నాడనే అంటారు. మా అత్తమ్మ కూడా అంటుంది, నేను రుజువు అడగను. ఇప్పుడు అదే వెల్లంపల్లిలో పొగాకు వేలం కేంద్రం ఉంది.

సరే, మీ నిద్ర సంగతికి వస్తాను. నిర్గమకాండం 16 చదవండి. ఎడారిలో ఇశ్రాయేలీయులకు ఆకాశం నుంచి కురిపించిన మన్నా అనే ఆహారాన్ని ఏ రోజుది ఆ రోజే ఏరుకోమన్నాడు దేవుడు. రేపటికి ఉంటుందని దాచుకున్నవాళ్లది పురుగు పట్టి కంపు కొట్టింది. విశ్రాంతి దినం కోసం దాచింది మాత్రం చెడిపోలేదు, కాబట్టి పొదుపు చేయవద్దని దీనికి అర్థం చెప్పకండి. రాత్రి రెండు గంటలకు పడుకుని వచ్చే ఏడాది ఇ.ఎం.ఐ. లెక్కపెట్టడం మాత్రం ఆ పురుగు పట్టే రకమే. యేసు నేర్పిన ప్రార్థనలో కూడా "మా అనుదినాహారము నేడు" అనే ఉంది. పగలు వేరే ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టుకోండి, అది అవిశ్వాసం కాదు. ఏలీయా వచ్చాడని ఆ విధవరాలు పుల్లలు పారేయలేదు, వాటితోనే అప్పం కాల్చింది.

సారెపతు కథను 16వ వచనం దగ్గర ఆపకండి. ప్రసంగీకులు చాలామంది అక్కడే ఆపేస్తారు. ఆ తరువాత అదే ఇంట్లో, రోజూ అద్భుతంగా పిండి వస్తున్న ఇంట్లోనే, పిల్లవాడు జబ్బు చేసి చనిపోతాడు. ఆమె ఏలీయాను నిలదీస్తుంది. ఏలీయా దేవుణ్ణే నిలదీస్తాడు. పిల్లవాడు బతికాక 24వ వచనంలో, నీవు దైవజనుడవని ఇప్పుడు తెలిసింది అంటుంది. ఇప్పుడు! అంటే అన్నాళ్లు ఆ పిండి తింటూ కూడా ఆమెకు పూర్తి నమ్మకం కుదరలేదని నా వాదన. అలాంటప్పుడు మీకు ఇంకా భయం పోలేదంటే సిగ్గుపడాల్సింది ఏముంది?

మా అత్తమ్మ ఈ వాదన ఒప్పుకోదు. నమ్మకం లేకుండా ఉన్న ఒక్క అప్పం ముక్కూ మొహం తెలియనివాడికి ఎవరు పెడతారు, బిడ్డ పోయిన దుఃఖంలో అన్న మాటను పట్టుకుని లాగుతావేమిటి అంటుంది. పాస్టరుగారిని అడిగితే ఆయన ఆమె పక్షమే చేరారు, మా ఇంట్లో భోజనం చేస్తూ అడిగాను కాబట్టి ఆ తీర్పును నేను లెక్కలోకి తీసుకోవడం లేదు. మీరు 24వ వచనం దాకా చదివి మీకేమనిపించిందో కింద రాయండి, ఆమెకు చదివి వినిపిస్తాను.