కైరో వీధుల్లో సాయంత్రం తిండి నడక: షుగర్, జీ6పీడీ లోపం ఉన్నవాళ్లు వెళ్లొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 56. మాది కాకినాడ. కొన్నేళ్లుగా షుగర్ ఉంది. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర ఉదయం, రాత్రి వేసుకుంటున్నాను. మొన్న మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.3 వచ్చింది. గతంలో పాడేరు వైపు ఉద్యోగం చేస్తున్నప్పుడు మలేరియాకు 14 రోజుల మాత్రలు ఇచ్చారు. అవి మొదలుపెట్టాక మూత్రం నల్లగా వచ్చింది. పరీక్ష చేసి జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉందన్నారు. వచ్చే నెల మా అమ్మాయి నన్ను, వాళ్లమ్మను ఈజిప్టు తీసుకెళ్తోంది. కైరోలో ఒక సాయంత్రం గైడుతో నాలుగు గంటలు నడుస్తూ వీధి తిండి రుచి చూడడం, పాత బార్లకు వెళ్లడం కూడా ప్లాన్‌లో ఉంది. అప్పుడప్పుడు బీరు తాగుతాను. కడుపు పాడవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లండి. నింపాదిగా నడిస్తే మీకు మంచిదే. మీ టెన్షన్ కడుపు గురించి, కానీ నాకు దిగులుగా ఉన్నది జీ6పీడీ లోపం గురించి. కైరో వీధి తిండిలో సగానికి ఆధారం ఫావా బీన్స్. అక్కడ ఫూల్ అంటారు. జీ6పీడీ లోపం ఉన్నవాళ్లు తినకూడని గింజ ఏదైనా ఉందంటే అదే.

ఫావా గింజల్లో విసిన్, కాన్‌విసిన్ అనే పదార్థాలు ఉంటాయి. అవి ఒంట్లో మార్పు చెంది ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఆ దెబ్బను తట్టుకునే శక్తి కణానికి జీ6పీడీ అనే ఎంజైమ్ వల్లే వస్తుంది. అది చాలినంత లేకపోతే కణాలు పెద్ద సంఖ్యలో పగిలిపోతాయి. అప్పుడు మీ మూత్రం నల్లబడింది కూడా ఇందుకే. ఆ 14 రోజుల మాత్ర ప్రైమాక్విన్ అయి ఉంటుంది. మన ఏజెన్సీ ప్రాంతాల్లో చాలామందికి ఈ లోపం ఉన్నట్టు బయటపడేది ఆ మాత్ర వేసుకున్నాకే.

గైడు మిమ్మల్ని తీసుకెళ్లే బండ్ల దగ్గర ఈ గింజ రెండు మూడు రూపాల్లో ఎదురవుతుంది. పొట్ట పెద్దగా, మెడ సన్నగా ఉండే పాత్రలో గంటల తరబడి ఉడికించి, నూనె, జీలకర్ర, నిమ్మరసం కలిపి రొట్టెతో ఇచ్చేది ఫూల్. దాన్ని చూడగానే గుర్తుపట్టొచ్చు. మీరు పొరబడే అవకాశం ఉన్నది టామియా దగ్గర. చూడ్డానికి మన మసాలా వడలా ఉంటుంది, పైన నువ్వులు అద్దుతారు, తుంచితే లోపల కొత్తిమీర, ఉల్లికాడలతో పచ్చగా ఉంటుంది. ‘ఇది ఫలాఫెలే కదా, హైదరాబాద్‌లో తిన్నాను, ఏమీ కాలేదు’ అనిపిస్తుంది. మన దగ్గర ఫలాఫెల్ ఎక్కువగా కాబూలీ శనగలతో చేస్తారు. ఈజిప్టు టామియా నానబెట్టిన ఫావా పప్పును పచ్చిగానే రుబ్బి వేయించేది. ఉడికించినా, వేయించినా ఆ పదార్థాలు పూర్తిగా పోవు. కాబట్టి ఒక్క ముక్కతో ఏమవుతుందిలే అనుకోవద్దు. ఆకుకూరలతో కలిపి చేసే పచ్చటి ముద్ద బిసారా కూడా ఫావాదే. టామియా వేగిన నూనెలోనే వంకాయ, బంగాళాదుంప వేయిస్తుంటే వాటినీ వదిలేయండి.

అలాగని పప్పులన్నీ మానక్కర్లేదు. శనగలు, మసూర్ పప్పు, మన చిక్కుడు, బొబ్బర్లు జీ6పీడీ లోపానికి అడ్డు కావు. అందువల్ల కైరోలో అందరూ చెప్పుకునే కోషరీ మీరు తినొచ్చు. అన్నం, మాకరోనీ, మసూర్, శనగలు, టమాటా సాస్, పైన కరకరలాడే ఉల్లిపాయలు. చిక్కంతా షుగర్‌తోనే. అన్నమూ మాకరోనీ ఒకే గిన్నెలో ఉన్నాయంటే చిన్న గిన్నె తీసుకుని అందులోనూ సగం అమ్మాయికి ఇవ్వండి. కీమా పెట్టి కాల్చిన హవావ్షీ రొట్టె పొయ్యి మీంచి వేడిగా వస్తే నిక్షేపంగా తినండి. చెరకు రసం మాత్రం వద్దు. చక్కెర సంగతి అలా ఉంచితే, అందులో వేసే ఐసు ఏ నీళ్లతో చేసిందో తెలియదు. తొర్షీ అనే ఊరగాయ ముక్కలు, పచ్చి సలాడ్ కూడా పక్కన పెట్టేయండి.

ఇక బార్లు. డౌన్‌టౌన్‌లో తలాత్ హర్బ్ వీధిలోని కేఫ్ రిష్ 1908లో మొదలైంది. బాబ్ అల్ లూక్‌లోని అల్ హొర్రెయా ఎత్తైన పైకప్పు, పాత అద్దాలు ఉన్న కాఫీ హోటల్, అక్కడికి టీ తాగేవాళ్లూ బీరు తాగేవాళ్లూ వస్తారు. చూడాల్సిన చోట్లే. అయితే మీరు వేసుకునే గ్లిమెపిరైడ్ తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను బయటికి తోస్తుంది. షుగర్ పడిపోతే కాలేయం గ్లూకోజు వదిలి ఆదుకోవాలి. మద్యం ఆ పనిని అడ్డుకుంటుంది. దానికి నడక తోడైతే రాత్రి నిద్రలో షుగర్ పడిపోవచ్చు. చెమటలు, తడబాటు, మాట ముద్దగా రావడం చూసి పక్కవాళ్లు మత్తు అనుకుని పడుకోబెడతారు. నాకు అన్నిటికన్నా భయం ఇదే. ఈ విషయం మీ ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

కాబట్టి కడుపులో ఏదైనా పడ్డాకే బీరు, అదీ ఒక్కటే, మూత మీ ముందు తీసిన సీసా. స్టెల్లా అక్కడి సొంత బీరు, సులువుగా దొరుకుతుంది. లేబుల్ లేని సారా లాంటివి ముట్టుకోవద్దు, మిథనాల్ కలిస్తే చూపు పోతుంది, ప్రాణం కూడా పోవచ్చు. బీరుతో పసుపు రంగు గింజలు పెడితే అవి టర్మిస్, ఫావా కాదు. మసక వెలుతురులో ఏ గింజో తేల్చుకోలేకపోతే తినకండి. గ్లూకోమీటర్, గ్లూకోజు పొడి జేబులో ఉండాలి. 70 కన్నా తగ్గితే మూడు చెంచాల పొడి నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూసుకోండి. పడుకునే ముందు తప్పకుండా చూసుకోండి.

ఇంకో మాట. గ్లిమెపిరైడ్ వర్గం మందులతో జీ6పీడీ లోపం ఉన్నవాళ్లలో రక్తకణాలు పగిలే ప్రమాదం ఉందని ఆ మందు సమాచార పత్రంలోనే హెచ్చరిక ఉంటుంది. ఎర్ర కణాల ఆయుష్షు తగ్గినప్పుడు హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది కూడా. మీ 6.3ను అలాగే నమ్మకుండా ఇంట్లో చూసుకున్న రీడింగులు కూడా తీసుకుని మీ డాక్టర్ గారి దగ్గరికి వెళ్లండి. జీ6పీడీ సంగతి ఆయనకు తెలుసో లేదో కనుక్కోండి. ఆ మాత్ర బదులు వేరేది ఇవ్వగలరేమో ప్రయాణానికి కనీసం రెండు మూడు వారాల ముందే అడగండి. మీ అంతట మీరు ఆపొద్దు.

విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ చాలావరకు సరిపోతుంది. అక్కడి మందుల షాపుల్లో విరేచనాలకు నిఫురోక్సజైడ్ ఎక్కువగా ఇస్తారు. జీ6పీడీ లోపం ఉన్నవాళ్లకు పడని నైట్రోఫ్యురంటాయిన్‌కు అది దగ్గరి చుట్టం. డాక్టర్‌ను అడక్కుండా వేసుకోవద్దు. అవసరమైతే వాడే యాంటీబయాటిక్ ఇక్కడి నుంచే రాయించుకుని తీసుకెళ్లండి.

ఈ టూర్‌ను ప్రయాణంలో చివరి రాత్రి పెట్టుకోకండి. పొరపాటున ఫావా తిన్నా లక్షణాలు సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో బయటపడతాయి. అప్పటికి మీరు విమానంలో ఉండకూడదు. మూత్రం డికాక్షన్ రంగులోకి మారడం, కళ్లు పచ్చబడడం, ఆయాసం, నడుం నొప్పి కనిపిస్తే క్లినిక్‌కు కాదు, రక్తం ఎక్కించే వసతి ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లి మొదటి మాటగా జీ6పీడీ అని చెప్పండి. ఈజిప్టులో అంబులెన్స్ నంబరు 123.

మీరు అడగని విషయం ఒకటుంది. ఈ లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. తండ్రి నుంచి కొడుక్కి రాదు, కూతురికి మాత్రం తప్పకుండా వెళ్తుంది. అంటే మీ అమ్మాయి కనీసం క్యారియర్, అంటే లోపం ఉన్న జన్యువును మోస్తున్న మనిషి. క్యారియర్లలో కొందరికి ఎంజైమ్ బాగా తక్కువగా ఉండి ఫావాతో ఇదే ఇబ్బంది వస్తుంది. ఉందా లేదా అని మాత్రమే చెప్పే పరీక్ష కాకుండా, ఎంజైమ్ ఎంత ఉందో అంకెల్లో చెప్పే జీ6పీడీ పరీక్ష ఆమెకు ఈ వారంలోనే చేయించండి. ఆ రిపోర్టు చూసేదాకా ఆమె కూడా టామియాతో సహా ఫావాతో చేసినవేవీ తినకూడదు.