స్మోక్‌లెస్ మజిల్‌లోడర్: ముందు సాబో కుదరాలి, తర్వాతే బుల్లెట్

కొత్తగా .50 కాలిబర్ స్మోక్‌లెస్ మజిల్‌లోడర్ (మూతి నుంచి మందూ బుల్లెట్టూ కూరే, పొగలేని మందుతో పేలే తుపాకీ) కొన్నానని, ఒహాయోలో జింకల వేటకు దాంట్లో ఏ బుల్లెట్, ఏ సాబో (బుల్లెట్‌కు తొడిగే చిన్న ప్లాస్టిక్ తొడుగు) వాడితే మంచిదని అడిగారు. నా దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న సావేజ్ 10ఎంఎల్-2 ఉంది. ఎనిమిది సీజన్లుగా దాంతోనే వేటకు వెళుతున్నాను. మొదటి రెండేళ్ళు రకరకాల బుల్లెట్లు కొని డబ్బు తగలేశాను. లోపం బుల్లెట్లలో లేదు, వాటికి తొడిగే సాబోలో ఉంది. ఆ సంగతి మూడో ఏడు గాని తెలియలేదు.

సాబో అన్న మాటకు అసలు అర్థం ఫ్రెంచివాళ్ళ చెక్క పాదరక్ష. మన పావుకోళ్ళకు దూరపు చుట్టమనుకోండి. మీ బ్యారెల్ లోపలి వ్యాసం సుమారు 0.501 అంగుళం. వేసే బుల్లెట్ 0.451 లేదా 0.452. ఆ రెండింటి మధ్య మిగిలే ఖాళీ ఒక్కో పక్క వెయ్యోవంతుల్లో 24 లేదా 25, అంటే అర మిల్లీమీటరు కన్నా కాస్త ఎక్కువ. బ్యారెల్ లోపల మెలి తిరిగిన గాళ్ళను పట్టుకుని తిరిగేది ఆ సందులోని ప్లాస్టిక్కే. వెనక నుంచి తోసుకొచ్చే వాయువును ఆపేదీ అదే. బుల్లెట్ బ్యారెల్‌ను అసలు తాకదు. మూతి దాటగానే సాబో రెక్కలు గాలికి విచ్చుకుని వెనకబడిపోతాయి, బుల్లెట్ ఒంటరిగా ముందుకు పోతుంది. మామూలు బ్లాక్ పౌడర్ కన్నా (నల్లమందు అని రాస్తే మనవాళ్ళు వేరే అర్థం తీస్తారు) పొగలేని మందులో ఒత్తిడి బాగా ఎక్కువ కాబట్టి ఆ ప్లాస్టిక్ మీద భారమూ ఎక్కువే.

అందుకని ఒక రకం బుల్లెట్ రెండు పెట్టెలు, సాబోలు మాత్రం మూడు నాలుగు రకాలు కొనండి. హార్వెస్టర్ వారి క్రష్ రిబ్ ఒకటి, ఎంఎంపీ వారి హెచ్‌పీహెచ్-12, హెచ్‌పీహెచ్-24 రెండూ తప్పక ఉండాలి. క్రష్ రిబ్‌కు ఒంటి మీద సన్నని గట్లుంటాయి. కూరేటప్పుడు అవి నలిగి దారి ఇస్తాయి కాబట్టి బిగువు బ్యారెళ్ళలో కాస్త సుళువుగా దిగుతుంది. ఒకే మోడల్ తుపాకులే అయినా బ్యారెల్‌కూ బ్యారెల్‌కూ ఒక వెయ్యోవంతు తేడా ఉండవచ్చు. మా స్నేహితుడి తుపాకీలో అద్భుతంగా పనిచేసిన సాబో నా దాంట్లో ర్యామ్‌రాడ్‌ను (బుల్లెట్‌ను లోపలికి కూరే కడ్డీ) వేలితో తోస్తేనే జారిపోయింది. అది ప్రమాదం కూడా. తుపాకీ మూతి కిందికి పెట్టి నడిచేటప్పుడు బుల్లెట్ మందును వదిలి ముందుకు జారితే మధ్యలో ఖాళీ ఏర్పడుతుంది. ఆ స్థితిలో పేలిస్తే బ్యారెల్ పగలవచ్చు. అరచేతితో గట్టిగా, ఒకే తీరు బలంతో నొక్కితే దిగాలి. సుత్తి పట్టుకోవాలనిపిస్తే బిగువు ఎక్కువైనట్టు. అప్పుడు సాబో మార్చకుండా 0.452 బదులు 0.451 బుల్లెట్ ప్రయత్నించండి. ఆ ఒక్క వెయ్యోవంతు తేడా చేతికే తెలుస్తుంది. మీ దగ్గర మైక్రోమీటర్ లేకపోతే తుపాకీ సామాన్లలో మొదట కొనాల్సింది అదే.

నేను చేసిన పెద్ద పొరపాటు ఇంకోటి ఉంది. జులై ఎండలో షూటింగ్ రేంజ్‌కు వెళ్ళి ఐదు గుండ్లు వరసగా కాల్చాను. స్మోక్‌లెస్‌లో గుండుకూ గుండుకూ మధ్య బ్యారెల్ తుడవక్కర్లేదు కదా, ఆ హుషారు. మొదటి రెండు ఒకదాని పక్కన ఒకటి పడ్డాయి. మూడోది రెండంగుళాలు పైకి, నాలుగోది ఎడమకు, ఐదోది అట్టకే తగల్లేదు. స్కోప్ వదులైందని విప్పి బిగించాను, ఆ తర్వాత బుల్లెట్ మార్చాను, చివరికి తుపాకీ అమ్మేద్దామనుకున్నాను. రేంజ్‌లో తెల్లగడ్డం పెద్దాయన ఒకరు వచ్చి బ్యారెల్ మీద చెయ్యి పెట్టి చూడమన్నారు. చెయ్యి ఆనలేదు. ప్లాస్టిక్ అంత వేడిలో మెత్తబడి, మందు మండగానే పక్కలనుంచి వాయువు కారిపోతుంది. అప్పటినుంచి గుండుకూ గుండుకూ మధ్య పది నిమిషాలు ఆగుతాను. ఫ్లాస్కులో టీ తీసుకెళ్ళడం అప్పుడే అలవాటైంది.

ఆ పెద్దాయన నేర్పిన రెండో పాఠం కాల్చిన సాబోలను ఏరుకోవడం. రేంజ్ మూసి, తుపాకులన్నీ కింద పెట్టాక, మూతికి పది ఇరవై గజాల ముందు గడ్డిలో వెతికితే దొరుకుతాయి. వాటిని చూస్తే మీ సమస్య సగం తెలిసిపోతుంది. రెక్కలన్నీ సమానంగా వెనక్కి విచ్చుకుని, అడుగు చెక్కుచెదరకుండా ఉంటే సాబో కుదిరినట్టే. ఒక రెక్క ఊడిపోతే అది బుల్లెట్‌ను పక్కకు నెట్టి ఉంటుంది. అడుగున చిల్లు పడ్డా, ఒక పక్క కరిగి మెరుస్తున్నా వాయువు దాటుకుపోయిందని అర్థం. అప్పుడు మందుకూ సాబోకూ మధ్య ఒక ఉన్ని వాడ్ (గుండ్రటి బిళ్ళ) వేసి చూడండి. నాకు దాంతో 100 గజాల దగ్గర మూడంగుళాల మేర చెదిరే గుండ్ల గుంపు ఒకటిన్నర అంగుళానికి తగ్గింది. మీ తుపాకీ మాన్యువల్ వాడ్‌ను వద్దంటే మాత్రం వేయకండి.

పరీక్షలన్నీ వేసవిలో ముగించవద్దు. చలికి ప్లాస్టిక్ బిరుసెక్కుతుంది. జులైలో హాయిగా దిగిన సాబో డిసెంబరులో మొండికేస్తుంది. వేటకు వెళ్ళే నెల వాతావరణంలో ఒకసారి కాల్చి చూసుకుంటే చాలు.

బుల్లెట్ సంగతి. 300 గ్రెయిన్ల హోర్నడీ ఎక్స్‌టీపీ మ్యాగ్, 0.452 వ్యాసంది, దీంతో మొదలుపెట్టండి. గ్రెయిన్ అంటే మన గురిగింజ ఎత్తులో సగం కన్నా కొంచెం ఎక్కువ, 300 గ్రెయిన్లు 19 గ్రాముల పైచిలుకు. పేరు చివరి ‘మ్యాగ్’ చూసి మరీ కొనండి. పిస్తోలు వేగాలకు చేసిన, పైన పలచటి లోహపు పొర ఉన్న బుల్లెట్లు స్మోక్‌లెస్ తుపాకీ వేగానికి తట్టుకోవు. నా రెండో సీజన్లో అలాంటిదే ఒకటి 40 గజాల్లో జింక భుజానికి తగిలి ముక్కలైపోయింది. జింక పడింది గాని ఆ పక్క మాంసమంతా పారేయాల్సి వచ్చింది.

ఇప్పుడు నేను వాడేది బార్న్స్ వారి పూర్తి రాగి బుల్లెట్. తగలగానే దాని ముక్కు ఆరు రేకులుగా విచ్చుకుంటుంది, దాదాపు బరువు తగ్గకుండా అవతలికి దూసుకుపోతుంది. రాగి సీసం కన్నా తేలిక కాబట్టి అదే బరువు బుల్లెట్ పొడవెక్కువ ఉంటుంది. పొడవైన బుల్లెట్ నిలకడగా పోవాలంటే వేగంగా తిరగాలి. నా బ్యారెల్లో గాళ్ళ మెలిక 24 అంగుళాలకు ఒక చుట్టు. దానికి 250 గ్రెయిన్ల రాగి బాగా కుదిరింది, అంతకన్నా పొడవైనవి కుదరలేదు. మీ మెలిక ఎంతో బ్యారెల్ మీద గాని మాన్యువల్లో గాని ఉంటుంది, చూడండి. రాగికి మారింది గురి కోసం కాదు. మా ఇంట్లో ఆ మాంసంతో కీమా చేస్తారు, పిల్లలు తింటారు. సీసం తునకలు ఎంత చిన్నవైనా పంటికి తెలియకుండా లోపలికి పోతాయి. ధర దాదాపు రెట్టింపే. ఏడాదికి వేటలో కాల్చేది రెండో మూడో గుండ్లు కాబట్టి ఆ ఖర్చు నాకు లెక్కలోకి రాదు.

మందు ఎంత పోయాలో మీరు అడగలేదు, నేనూ రాయను. మీ తుపాకీ తయారీదారు మాన్యువల్లో ఏ మందు పేరుంటే అదే, ఎంత ఉంటే అంతే. బ్లాక్ పౌడర్‌లా గిన్నెతో కొలవకూడదు, త్రాసులో తూచాలి. ఈ పొగలేని మందును మామూలు మజిల్‌లోడర్‌లో పోస్తే తుపాకీతో పాటు చేతులూ పోతాయి. ఇంట్లో రెండు రకాల తుపాకులూ ఉంటే మందు డబ్బాలు వేర్వేరు అరల్లో పెట్టండి. సరిగ్గా కూరాక ర్యామ్‌రాడ్ మీద మూతి దగ్గర ఒక గీత గీసుకోండి. గీత మూతికి పైన కనిపిస్తే బుల్లెట్ అడుగుకు చేరలేదనో, రెండోసారి కూరారనో అర్థం.

చట్టం విషయంలో రెండు మాటలు. ఒహాయోలో జింకల వేటకు మెడ దగ్గర సన్నబడే (బాటిల్‌నెక్) తూటాల రైఫిళ్ళు వాడకూడదు. అందుకే ఈ తుపాకులకు ఇక్కడ ఇంత గిరాకీ. ఇదే తుపాకీతో కొలరాడో మజిల్‌లోడర్ సీజన్‌కు వెళితే చిక్కుల్లో పడతారు. అక్కడ సాబో, పొగలేని మందు, స్కోప్ మూడూ నిషిద్ధం. మీరు ఇంకా హెచ్1బీ మీదే ఉంటే చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఎప్పుడూ మీ పేరున ఉండాలి. ఆ వీసా వాళ్ళ దగ్గర తుపాకీ ఉండకూడదన్న ఫెడరల్ నిబంధనకు ఆ లైసెన్సు మినహాయింపు ఇస్తుంది. లైసెన్సు గడువు తీరితే మినహాయింపు కూడా పోతుంది. మా ఆఫీసులో ఒక తమ్ముడు ఈ సంగతి తెలియక కొని, లాయరు చెప్పేదాకా నిద్రపోలేదు.

ఈ వారాంతం రేంజ్‌కు వెళితే ఒక చిన్న సంచి పట్టుకెళ్ళండి. ఏరిన సాబోల ఫోటో, బుల్లెట్ వ్యాసం, మెలిక అంకె ఇక్కడ పెట్టండి, మీ బ్యారెల్‌కు ఏది సరిపోతుందో చూసి చెబుతాను.