గడువు చెప్పేటప్పుడు బై వాడాలా, అన్‌టిల్ వాడాలా?

'రెండూ సమయం గురించే కదా, ఆఫీసు మెయిల్‌లో గడువుకు ఏది రాయాలి?' అని అడిగారు. ఫలానా రోజులోపు పని చేయమనే గడువుకు బై. అన్‌టిల్ రాస్తే అవతలివాళ్లు చేయాల్సిన పనే మారిపోతుంది.

'సెండ్ ద రిపోర్ట్ బై ఫ్రైడే' అంటే శుక్రవారం లోపు ఒక్కసారి పంపితే చాలు. అక్కడ అన్‌టిల్ పెడితే శుక్రవారం దాకా పంపుతూనే ఉండమని. పంపడం, కట్టడం, చేరడం ఒక్కసారితో తీరిపోయే పనులు, వాటికి బై. ఉండడం, ఎదురుచూడడం సాగే పనులు, వాటికి అన్‌టిల్. చిక్కంతా 'వరకు'తోనే. 'సాయంత్రం వరకు ఉంటా' అంటాం, 'సాయంత్రం వరకు ఇచ్చేస్తా' అని కూడా చాలామంది అంటారు. రెండో 'వరకు' నిజానికి 'కల్లా'. 'అన్‌టిల్ అంటే వరకు, బై అంటే చేత' అని బట్టీ పట్టించడం మానేస్తే సగం తప్పులు పోతాయి. మాటకు మాట అర్థం నేర్పితే వాక్యం రాదు.

వాక్యంలో 'నాట్' చేరితే మాత్రం ఒక్కసారి పనికీ అన్‌టిల్ వస్తుంది. 'ద బ్యాంక్ వోంట్ ఓపెన్ అన్‌టిల్ టెన్' అంటే పదయితే గానీ తెరవరు, అంటే పదింటికి తెరుస్తారనే. 'వోంట్ ఓపెన్ బై టెన్' అంటే పదింటికల్లా తెరవరు, ఎప్పుడు తెరుస్తారో ఆ వాక్యం చెప్పదు. ఈ ఒక్కటి పట్టుబడితే మిగతావి తేలిక.

'నేను ఫోన్ చేయనంత వరకు ఆగు' అనే అలవాటుతో 'వెయిట్ అన్‌టిల్ ఐ డోంట్ కాల్' అని రాస్తుంటారు. డోంట్ అక్కర్లేదు, 'అన్‌టిల్ ఐ కాల్' చాలు. 'నేను వచ్చేసరికి'కి 'బై ఐ కమ్' కుదరదు, 'బై ద టైమ్ ఐ కమ్' అనాలి. అక్కడ 'ఐ విల్ కమ్' అనకూడదు. స్పెల్లింగ్‌లో అన్‌టిల్‌కు చివర ఒకే ఎల్, టిల్‌కు రెండు.

ఇక తేదీలు. 'ఆన్ లీవ్ అన్‌టిల్ ద ఫిఫ్టీన్త్' అంటే 15న సెలవా, డ్యూటీయా? చదివినవాళ్లు రెండు రకాలుగానూ అనుకుంటారు. అమెరికన్లు 'త్రూ ద ఫిఫ్టీన్త్' అంటారు, 15 కూడా సెలవేనని. మిగతాచోట్ల 'బ్యాక్ ఆన్ ద సిక్స్‌టీన్త్' అని తిరిగొచ్చే రోజే రాసేయండి. 'బై ద ఫిఫ్టీన్త్'లో 15 కలిసే ఉంటుంది. 14కే కావాలంటే 'బిఫోర్ ద ఫిఫ్టీన్త్' అనాలి. గడువుకు గంట కూడా జోడించండి: 'బై ఫైవ్ పీఎం ఆన్ ఫ్రైడే'.