ఫర్ మోడుపై పెరిగిన ఆ పెద్ద పుట్టగొడుగు ఏది?

ప్రశ్న: వాషింగ్టన్ రాష్ట్రంలోని కాస్కేడ్ పర్వతాల్లో, ఎప్పుడో నరికేసిన ఒక పెద్ద ఫర్ చెట్టు మోడు అడుగున, దాదాపు మూరెడు వెడల్పుతో, పైనంతా నాచు పట్టి, కింద తెల్లగా ఉన్న పుట్టగొడుగును చూశాను. ఇది అరుదైన జాతేనా? ముక్క కోసి నిపుణులకు చూపించమంటారా?
– ఒక పాఠకురాలు, సియాటిల్

జవాబు: దయచేసి కోయకండి. మీ వర్ణనను బట్టి అది బ్రిడ్జియోపోరస్ నోబిలిసిమస్ అనే అరుదైన చెక్క పుట్టగొడుగు కావచ్చు. 1943లో ఓరెగన్‌లో తొలిసారి కంటపడిన ఈ జాతికి 1949లో విలియం బ్రిడ్జ్ కుక్ శాస్త్రీయ నామం పెట్టారు. ఇప్పుడున్న ప్రజాతిలోకి అది 1996లో చేరింది. దొరికిన వాటిలో ఒకటి సుమారు 136 కిలోలు తూగింది.

అయితే నాచు ఒక్కటే రుజువు కాదు. అంత తేమ ఉన్న అడవిలో ముదిరిన ఏ చెక్క పుట్టగొడుగుకైనా నాచు పట్టవచ్చు. ముందుగా చెట్టును గుర్తించండి. ఈ జాతి ప్రధానంగా బాగా లావెక్కిన నోబుల్ ఫర్, పసిఫిక్ సిల్వర్ ఫర్ చెట్ల మీద, వాటి మోళ్ల మీద పెరుగుతుంది కాబట్టి, ఆ మోడు డగ్లస్ ఫర్‌దని తేలితే అది ఈ జాతేనా అని అనుమానించాల్సిందే. ఆ తరువాత పైభాగాన్ని దగ్గరగా చూడండి. కొబ్బరి పీచును ఒత్తుగా అదిమినట్టు బిరుసైన నూలుపోగులు అల్లుకుని ఉండడమే దీని అసలైన గుర్తు, ఆ పీచులోనే శైవలాలూ నాచూ వేళ్లూనుకుంటాయి. ఫర్ మోళ్ల అడుగునే పెరిగే హెటెరోబాసిడియన్ అనే శిలీంధ్రానికి కింద ఇలాగే తెల్లటి రంధ్రాలుంటాయి గనుక పొరపాటు పడడానికి ఎక్కువ ఆస్కారం ఉన్నది దానితోనే. కానీ దాని పైభాగం గోధుమరంగు పెచ్చులా ఉంటుంది, ఈ పీచు ఉండదు. అంచున ఎర్రటి పట్టీ కనిపిస్తే అది అక్కడ విరివిగా దొరికే ఫోమిటాప్సిస్ అనే మరో చెక్క పుట్టగొడుగు.

చెట్ల చెక్క నమూనాలపై చేసిన డీఎన్ఏ పరీక్షల్లో, ఈ శిలీంధ్రం పైకి కనిపించేదానికన్నా ఎక్కువ చెట్లలో ఉన్నట్టు తేలింది. అంటే లోపల జీవిస్తున్నా పుట్టగొడుగుగా బయటపడడం అరుదు. ఏళ్ల తరబడి ఒకేచోట పెరుగుతూ సిద్ధబీజాలను వెదజల్లే దేహాన్ని ముక్క కోసం గాయపరచడం నాకు సమ్మతం కాదు. ఫెడరల్ అడవుల్లో చెట్లు కొట్టేముందు వెతికి చూడవలసిన జాతుల్లో ఇదొకటి. అందువల్ల పైభాగం, అంచు, అడుగు, మోడు బెరడు స్పష్టంగా కనిపించేలా, పక్కన కొలబద్ద పెట్టి ఫొటోలు తీసి, స్థలం వివరాలతో ఆ ప్రాంతపు అటవీ కార్యాలయానికి పంపండి. కచ్చితమైన చోటును మాత్రం సామాజిక మాధ్యమాల్లో పెట్టకండి.